రాతిలో చేప: అసలెంత, అతుకెంత?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చేప శిలాజాల గురించే. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చాం.

ప్రశ్న: విజయనగరంలో ఒక ఎగ్జిబిషన్‌లో చేప శిలాజం కొన్నాను. రాతిపలక 15 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 1.2 మందం. చేప 9 సెంటీమీటర్లు, ముదురు గోధుమరంగు. వెనక చీటీ మీద “నైటియా, వయోమింగ్, 5 కోట్ల ఏళ్లు” అని రాసి ఉంది. అసలుదో నకిలీదో ఇంట్లోనే తేల్చుకోవచ్చా?

జవాబు: చాలావరకు తేల్చుకోవచ్చు. ముందుగా చీటీ సంగతి. నైటియా అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో, గ్రీన్ రివర్ అనే సున్నపురాతి పొరల్లో దొరుకుతుంది. వయసు దాదాపు 5 కోట్ల 20 లక్షల ఏళ్లు. 1987లో దాన్ని ఆ రాష్ట్ర అధికారిక శిలాజంగా ప్రకటించారు. అక్కడ సొంత భూముల్లోని క్వారీల నుంచి తీసి చట్టబద్ధంగానే అమ్ముతారు. ఈ చేప అక్కడ ఎంత విరివిగా దొరుకుతుందంటే, ఒక చిన్న నైటియాను మొత్తంగా నకిలీ చేయడం శ్రమకు తగ్గ లాభం ఇవ్వదు. చీటీలోని పేరు, చేప కొలత, రంగు ఒకదానికొకటి సరిపోతున్నాయి. కాబట్టి మీ చేప ఎంతో కొంత అసలుదే అయి ఉండడానికి అవకాశం ఎక్కువ. తేల్చాల్సింది ఆ “ఎంతో కొంత” ఎంతన్నదే. పగిలి పోయిన తోకను రంగుతో గీసి ఉండవచ్చు, తల ఇంకో చేపది తెచ్చి అతికి ఉండవచ్చు.

పరీక్షల్లో వరస ముఖ్యం. రాయికి హాని చేయనివి ముందు, గీతో మరకో పడేవి చివర.

మొదట వెలుతురు. చీకటి పడ్డాక గదిలో లైటు ఆర్పి, టార్చిని పలకకు దాదాపు ఆనించి పక్కనుంచి వేయండి. ముల్లుకు మందం ఉంటుంది కాబట్టి అసలు చోట ప్రతి పక్కటెముక పక్కనా సన్నని నీడ పడుతుంది. రంగు వేసిన చోట నీడ ఉండదు. పైనుంచి చూస్తే నిండుగా కనిపించిన తోక, పక్క వెలుతురులో సగం మాయమైతే ఆ సగం కుంచె పని.

తరవాత లూప్. బంగారం పనివాళ్లు, గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే 10 రెట్ల భూతద్దం చాలు. తోక దగ్గర మొదలుపెట్టండి, ఎందుకంటే చేతివాటం ఎక్కువగా బయటపడేది అక్కడే. తోకలోనూ రెక్కల్లోనూ ఉండే సన్నపుల్లలు అసలు చేపలో నిలువునా ఒకే గీతలా సాగవు. కొంత దూరం పోయాక చిన్న చిన్న కణుపులుగా తెగి, చివర్లో రెండుగా చీలతాయి. కుంచెతో గీసినవాడు ఈ కణుపులు పెట్టడు. రెక్క మొదలును కూడా చూడండి. వీపు రెక్క గాలిలోంచి పుట్టదు. దాని కింద, ఒంట్లోకి దిగి వెన్నుముళ్ల మధ్యకు చొచ్చుకుపోయే ఆసరా ముళ్ల వరస ఉంటుంది. అది లేకుండా రెక్క ఒక్కటే ఉందంటే రెక్క తరవాత వచ్చిందని అర్థం.

వెన్నుపూసలు ఒక్కొక్కటి డమరుకంలా నడుం సన్నగా, రెండు చివరలూ వెడల్పుగా ఉండాలి. పూసలదండలా గుండ్రంగా, ఒకే కొలతతో ఉంటే చెక్కినవి. తల సంగతి మాత్రం దీనికి విరుద్ధం: అసలు శిలాజాల్లో తల చితికి, ఎముకలు ఒకదానిమీద ఒకటి పడి గజిబిజిగా ఉంటుంది. కన్ను, నోరు, మొప్పతట్ట బొమ్మలో గీసినట్టు పొందికగా ఉంటే అనుమానించండి.

పోల్చుకోవడానికి పుస్తకం అక్కర్లేదు. నైటియా మన కవళ్లు, పులస వంశానికి చెందినది. మార్కెట్లో అరచేతి పొడవు కవళ్లు రెండు తెచ్చి, నీళ్లలో మెత్తగా ఉడికించి, పళ్లెంలో పక్కకి పడుకోబెట్టి, చిన్న పుల్లతో మాంసం మెల్లగా తీసేయండి. వెన్నుముల్లు, పక్కటెముకలు, రెక్కల కింది ఆసరా ముళ్లు అన్నీ వాటి చోట్లలోనే ఉంటాయి. ఆ పళ్లెం పక్కన మీ పలక పెట్టి చూడండి. పులస పొట్ట అంచున వేలు వెనక్కి పోనిస్తే రంపంలా గీసుకుంటుంది కదా, ఆ గట్టి పొలుసుల వరస నైటియాకు పొట్ట అంచునా ఉంటుంది, తల వెనక వీపు మీదా ఉంటుంది. ముల్లు తీసి చేప తినడం వచ్చినవాళ్ల కళ్లకు ఇదంతా కొత్త కాదు.

ఇక చేప చుట్టూ రాయి. చేపను ఆనుకుని సన్నని గీత, దానికి లోపల ఒక రంగు, బయట ఇంకో రంగు ఉంటే, చేపను వేరే ముక్కనుంచి కోసి ఈ పలకలో గాడి తీసి పొదిగారన్నమాట. సూదిమొన పనిముట్టుతో గీరిన గుర్తులు మాత్రం తప్పు కాదు. శిలాజాన్ని బయటపెట్టేదే అలా. పలకకు అడ్డంగా సహజమైన పగులు పోతుంటే, అది రాయి మీంచి చేప మీదికి ఆగకుండా సాగాలి. చేప అంచు దగ్గర ఆగిపోతే ఎందుకాగిందో వెతకండి.

అంచునూ వీపునూ చూడండి. గ్రీన్ రివర్ రాయి అంచున లేత, ముదురు పొరలు వెంట్రుకవాసి మందంతో ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి. వెనక రంపపు గుర్తులు ఉంటే భయం లేదు, పలకను చదరంగా కోసినవే అవి. సూదిబెజ్జాల్లాంటి గుండ్రని గాలి బుడగలు కనిపిస్తే మాత్రం పలక అచ్చులో పోసినది.

బరువు లెక్క మీకు తేలిక, పలక చదరంగా ఉంది కాబట్టి. 15 × 10 × 1.2 అంటే 180 ఘన సెంటీమీటర్లు. ఆ రాయి ఒక్కో ఘన సెంటీమీటరు సుమారు 2.2 నుంచి 2.5 గ్రాములు. అంటే వంటింటి కాటా మీద 400 నుంచి 450 గ్రాముల మధ్య తూగాలి. అచ్చుల్లో పోసే రెజిన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థంతో అంతే కొలతలో చేసిన ఉత్త పలక 220 గ్రాములు దాటదు. రాతిపొడి కలిపిన రెజిన్ ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. పలక ఎగుడుదిగుడుగా ఉన్నవాళ్లు మందాన్ని నాలుగైదు చోట్ల కొలిచి సగటు తీసుకోండి. నీళ్లలో ముంచి కొలిచే పద్ధతి మేం చెప్పం. పొరల రాయి నీళ్లు తాగితే విడిపోతుంది.

ఇంతవరకూ చూసి ఇంకా అనుమానం మిగిలితే అసిటోన్. గోళ్లరంగు తీసే ద్రావకాల్లో చాలావాటిలో ఉండేది అదే. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా, ఇయర్‌బడ్‌ను తడిపి, అనుమానమున్న తోక చివర ఆవగింజంత చోట ఒక్కసారి అద్దండి. గోధుమరంగు దూదికి అంటితే అది రంగు. రుద్దకండి. అసలు ముల్లు రాలిపోకుండా పట్టించే పల్చని జిగురు కూడా అసిటోన్‌లో కరుగుతుంది. దూది కాస్త జిగటగా అయి, రంగు రాకపోతే అది ఈ జిగురే. అది తప్పు కాదు.

ఎర్రగా కాల్చిన గుండుసూదిని పటకారుతో పట్టుకుని వెనక మూల తాకించడం చివరి పరీక్ష. రెజిన్ అయితే సూది దిగి గుంట పడుతుంది, కాలిన ప్లాస్టిక్ వాసన వస్తుంది. రాయి అయితే సూది దిగదు. గ్రీన్ రివర్ రాతిలో నూనెలాంటి సేంద్రియ పదార్థం ఉంటుంది కాబట్టి ఒక్కోసారి కిరోసిన్ లాంటి వాసన రావచ్చు. దాన్ని ప్లాస్టిక్ వాసనగా పొరబడకండి. గుంట పడిందా లేదా అన్నదే చూడాల్సింది.

ప్రశ్న: పలక మీద వెనిగర్ వేస్తే నురగ వచ్చింది. అంటే అసలుదేగా? (పార్వతీపురం నుంచి)

జవాబు: కాదు. ఆ నురగ రాతిలో సున్నపు పదార్థం ఉందని మాత్రమే చెబుతుంది, చేప గురించి ఏమీ చెప్పదు. అసలు సున్నపురాయి మీద చెక్కిన చేపకూ నురగ వస్తుంది. సున్నపురాతి పొడి కలిపిన రెజిన్‌కూ వస్తుంది. నురగ రాకపోయినా నకిలీ అనలేం. బూడిద, బంకమన్ను పొరల్లో దొరికే అసలు శిలాజాలకు అసలే రాకపోవచ్చు.

ఆమ్లాన్ని సరిగ్గా వాడితే పనికొచ్చే చోటు ఒకటుంది. చేప ముల్లులో ఉండేది ప్రధానంగా కాల్షియం ఫాస్ఫేట్. దానికి నురగ రాదు. చుట్టూ ఉన్న రాయి సున్నపురాయి అయితే దానికి వస్తుంది. చేప మీద ముందే పెచ్చు లేచిన చోటునుంచి సూదిమొనతో ఆవగింజలో సగమంత పొడి తీసి గాజుముక్క మీద పెట్టండి. పక్కనే రాతిపొడి అంతే పెట్టండి. రెండింటి మీదా ఒక్కో చుక్క వెనిగర్ వేసి లూప్‌లోంచి చూడండి. రాతిపొడి పొంగి, చేపపొడి నిమ్మళంగా ఉంటే మంచి గుర్తు. రెండూ ఒకేలా పొంగితే, ఆ చేప అదే రాతిలో చెక్కి రంగు పూసినది అయి ఉండవచ్చు. పలక మీద నేరుగా ఇంకెప్పుడూ వేయకండి. ఇప్పటికే వేసిన చోటును తడిగుడ్డతో రెండు మూడుసార్లు అద్ది, నీడలో ఆరనివ్వండి. బాత్రూం యాసిడ్ జోలికి అసలు పోవద్దు. అది రాతిని తినేసి పసుపుపచ్చని మరక వదులుతుంది.

ప్రశ్న: ఒకే పలక మీద నాలుగు చేపలున్న శిలాజం ఆన్‌లైన్‌లో అమ్మకానికి ఉంది. “లైకాప్టెరా, చైనా” అంటున్నారు. నాలుగూ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. కొనమంటారా? (పలాస నుంచి)

జవాబు: ఆగండి. లైకాప్టెరా ఈశాన్య చైనాలో, ముఖ్యంగా లియావోనింగ్ ప్రాంతంలో, 12 కోట్ల ఏళ్ల చుట్టుపక్కల వయసున్న పొరల్లో దొరికే చిన్న చేప. గుంపులుగా చచ్చి ఒకే పొరలో పడి ఉండడం నిజంగానే ఉంది, కాబట్టి నాలుగు ఉన్నాయని అనుమానించక్కర్లేదు. చూడాల్సింది అవి ఒకదానికొకటి నకళ్లా అన్నది. ఫొటోను ఫోన్లో పెద్దది చేసి, నాలుగింటి తోకల చీలికా, వెన్ను వంపూ, తలలోని పగుళ్లూ పోల్చండి. సహజంగా చచ్చిన ఏ రెండు చేపలూ ఒకే చోట పగలవు. అదే ఫొటోను ఇంటర్నెట్‌లో వెతికితే, అదే పగుళ్లతో అదే పలక వేరే అమ్మకందారు దగ్గర వేరే రంగులో కనిపించడమూ జరుగుతుంది. అప్పుడు అది అచ్చు పోసినదే.

ఈ చేపల్లో ఎక్కువగా జరిగేది రంగు అద్దడం. ముల్లు చెరిగిపోయి లేత మరకగా మిగిలిన అసలు చేపకు నల్లరంగు పూసి, లేని రెక్కలు గీసేస్తారు. చేపంతా ఒకే నలుపులో, మెరుపు ఎక్కడా తగ్గకుండా ఉంటే జాగ్రత్త. అసలు ముల్లులో ఒక్కచోట ముదురు, ఒక్కచోట లేత, కొంత రాలిపోయి కింద అచ్చు మాత్రమే మిగలడం మామూలు.

అసలు ముక్కలతో అబద్ధపు జీవిని తయారుచేయవచ్చని అందరికీ తెలిసొచ్చింది కూడా లియావోనింగ్ శిలాజంతోనే. 1999లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక “ఆర్కియోరాప్టర్” పేరుతో డైనోసార్‌కూ పక్షికీ మధ్య జీవి అని ఒక శిలాజాన్ని ప్రచురించింది. సీటీ స్కాన్ తీసి, మిగతా శిలాజాలతో పోల్చి చూస్తే ముందు భాగం ఒక పక్షిది, తోక ఒక చిన్న డైనోసార్‌ది. ఎముకలు అసలువే, జీవి అబద్ధం. నిపుణులు మోసపోయిన చోట కొనేవాళ్లు కాస్త నెమ్మదిగా నడవడం మేలు.

ఇంకో మాట, ఇది మాకు అన్నిటికంటే ముఖ్యం. చైనా శిలాజాల ఎగుమతి మీద కఠినమైన నిషేధాలున్నాయి. అనుమతి పత్రం లేకుండా బయటికొచ్చింది దొంగసరుకు కిందే లెక్క. బ్రెజిల్ చేపలూ అంతే, గుండ్రాయిని రెండుగా పగలగొడితే లోపల నిండు చేప ఉండేవి. అక్కడ 1942 నుంచి శిలాజాలు ప్రభుత్వ ఆస్తి. అసలుదని తేలినా ఇంట్లో పెట్టుకోవడానికి మనసొప్పని వస్తువులు ఇవి. అమ్మకందారును మూడు అడగండి: ఏ క్వారీ, ఏ పత్రాలతో వచ్చింది, ఎంత భాగం బాగుచేసింది. మూడోదానికి “ఏమీ చేయలేదు, నూటికి నూరుపాళ్లు సహజం” అని తడుముకోకుండా చెప్పేవాడికంటే, “కుడి రెక్క చివర నింపాం” అని చూపించేవాడు నయం.

ప్రశ్న: మాది పొందూరు. ఖాదీకి పత్తి ఏకే వాలుగ చేప దవడలు ఇంట్లో ఉన్నాయి. శిలాజంలోని ఎముకను వీటితో పోల్చవచ్చా?

జవాబు: ఎముక ఎలా ఉంటుందో కంటికి అలవాటు చేసుకోవడానికి ఇంతకంటే మంచి నమూనా దొరకదు. పని చేసి చేసి అరిగిన పాత దవడ తీసుకోండి. లూప్ కింద పెడితే పళ్లు దువ్వెనలా సమంగా ఉండవు. ఒకటి పొడవు, ఒకటి పొట్టి, కొన్ని లోపలికి వంగి, కొన్ని మొదట్లోనే విరిగి ఉంటాయి. విరిగిన చోట అంచు పింగాణీలా కాకుండా సన్నని రంధ్రాలతో కనిపిస్తుంది. పక్కనుంచి వెలుతురు వేస్తే ఎముకకు లోపలినుంచి వచ్చినట్టుండే మెత్తని మెరుపు ఉంటుంది. శిలాజంలోనూ ముల్లు పగిలిన అంచు దగ్గర వెతకాల్సింది ఆ కణజాలం గుర్తునే. రంగు పూసిన చోట అది కనబడదు, కుంచె గీతలే కనబడతాయి.

అయితే పోలిక అక్కడితో ఆపండి. వాలుగ పొలుసులు లేని చేప. పొట్టకింద రెక్క తోకదాకా సాగుతుంది. పొలుసులూ రెక్కల అమరికా చూడడానికి పైన చెప్పిన కవళ్లే సరి.

ప్రశ్న: గరివిడి దగ్గర దొరికిన రాతి మీద నల్లని నాచు కొమ్మల్లాంటి ఆకారం ఉంది. మొక్క శిలాజమని ఒకరు డబ్బిస్తామంటున్నారు. నిజమేనా?

జవాబు: మీరు రాసిన దాన్నిబట్టి అది డెండ్రైట్ కావచ్చు. మొక్క కాదు. మాంగనీసు కలిసిన నీళ్లు రాతి పగులులోకి ఇంకినప్పుడు నల్లని మాంగనీసు ఆక్సైడు కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటుంది. గరివిడి, చీపురుపల్లి ప్రాంతంలో మాంగనీసు గనులున్న సంగతి మీకు చెప్పాలా? తేడా కనిపెట్టడం తేలిక: కొమ్మలు పగులు గీతనుంచి మొదలై బయటికి పాకుతాయి, ఆకుకుండే నడిమి ఈనె ఉండదు, కాడ మొదట్లో లావై చివరికి సన్నబడడం ఉండదు, మందమన్నదే ఉండదు. అందమైన వస్తువే, అందానికి ఎవరైనా ఇస్తామంటే తీసుకోండి. శిలాజమని చెప్పి మాత్రం అమ్మకండి.

చేప పలకల మీద కూడా ఈ కొమ్మలు కనిపిస్తాయి. అవి రాయి మీంచి ముల్లు మీదికి తెగకుండా పాకితే, ఆ చోట అతుకు లేదనడానికి ఒక మంచి సాక్ష్యం. రంగుతో గీసినవి కాదని లూప్‌తో నిర్ధారించుకున్నాకే.

ప్రశ్న: మన శ్రీకాకుళం కొండల్లో చేప శిలాజాలు దొరుకుతాయా? టెక్కలి క్వారీలో దొరికిందని ఒకటి చూపించారు.

జవాబు: దొరకవు. మన తూర్పు కనుమల రాళ్లు ఖోండలైట్, చార్నకైట్ రకాలు. ఖోండలైట్‌కు ఆ పేరు ఇక్కడి ఖోండు గిరిజనుల మీదుగానే వచ్చింది. భూమి లోతుల్లో విపరీతమైన వేడికీ ఒత్తిడికీ గురై పూర్తిగా మారిపోయిన రాళ్లవి. పైగా వాటి వయసు చేపలు పుట్టకముందుది. టెక్కలి గ్రానైటు కూడా వేడిలోంచి గట్టిపడిన రాయే, అందులో చేప ఇమిడే వీల్లేదు. చూపించిన చేప ఎక్కడిదైనా కావచ్చు, టెక్కలిది మాత్రం కాదు.

తెలుగునేలకు దగ్గర్లో చేప శిలాజాలున్నది ప్రాణహిత, గోదావరి లోయలో. అక్కడి కోటా సున్నపురాతి పొరలు జురాసిక్ కాలానివి. వాటిలోని చేపల్ని 1850లలోనే శాస్త్రవేత్తలు వర్ణించారు. లెపిడోటిస్ అనే చేప పొలుసులు చతురస్రాన్ని ఏటవాలుగా నొక్కినట్టు, మందంగా, పింగాణీ పూసినట్టు మెరుస్తాయి. మన చేపల పల్చని పొలుసులతో వాటికి పోలికే లేదు. అదే లోయలో దొరికిన కోటసారస్ డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. అసలు శిలాజపు ఎముక ఎలా ఉంటుందో పిల్లలకు చూపించాలనుకునేవాళ్లు వెళ్లి చూడవచ్చు.

పలకను నిపుణులకే చూపించాలనుకుంటే దగ్గర్లో విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం జియాలజీ విభాగం ఉంది. ముందు ఉత్తరం రాసి, చేప ముందు వైపు, వెనక వైపు, నాలుగు అంచులు, పక్కన స్కేలుతో తీసిన ఫొటోలు పంపి, వాళ్లు రమ్మంటేనే తీసుకెళ్లండి.

ప్రశ్న: సముద్రం దగ్గర ఇల్లు. శిలాజం మీద కొబ్బరినూనె రాస్తే మెరుపు వచ్చింది. రాస్తూ ఉండవచ్చా?

జవాబు: ఇక రాయకండి. నూనె పొరల్లోకి దిగి, దుమ్ము పట్టి, నల్లబడుతుంది. తరవాత ఎవరైనా బాగుచేయాలన్నా జిగురు పట్టదు. వార్నిష్ కూడా వద్దు. మెత్తని పొడి కుంచెతో దులిపితే చాలు. భావనపాడు, కళింగపట్నం వైపు ఇళ్లలో ఉప్పుగాలి ఎక్కువ కాబట్టి గోడకు వేలాడదీయకుండా మూతగట్టి ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, కింద మెత్తని గుడ్డ పరిచి, మందుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగైదు వేసి పెట్టండి. వానాకాలంలో నెలకోసారి తీసి చూడండి. నల్లరాయి మీద తెల్లటి లేదా పచ్చటి పొడి లేస్తుంటే, రాతిలోని పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) తేమకు కుళ్లుతోందన్నమాట. దాన్ని నీళ్లతో కడగకండి, ఆ పలకను మిగతావాటినుంచి వేరుచేసి, పొడిగా ఉన్న వేరే డబ్బాలో పెట్టండి.